చిప్పు ఫ్యాక్టరీలు సరే, సిలికాన్ ల్యాబ్ సంగతేమిటి?



చిప్పు ఫ్యాక్టరీ అనే మాట మన రాజకీయాలకు కొత్తది కాదు. 2006లో హైదరాబాదు పక్కన రావిర్యాల దగ్గర ఫ్యాబ్ సిటీ వస్తోందని ఎంత హడావుడి జరిగిందో మనలో చాలామందికి గుర్తుండే వుంటుంది. నేనప్పుడు ఇంటర్ చదువుతున్నాను. సెమ్‌ఇండియా అనే కంపెనీ 300 కోట్ల డాలర్లు పెట్టుబడి పెడుతుందన్నారు, ఏఎండీ టెక్నాలజీ ఇస్తుందన్నారు. భూములు కేటాయించారు, పేపర్ల నిండా బొమ్మలు వేశారు. తర్వాత ఆ చుట్టుపక్కల సోలార్ పలకల యూనిట్లు, ఎలక్ట్రానిక్స్ యూనిట్లు వచ్చాయి గానీ, చెప్పిన చిప్పు ఫ్యాక్టరీ మాత్రం రాలేదు. ఆ తర్వాత రాష్ట్రం రెండయింది. 2021 డిసెంబరులో కేంద్రం 76,000 కోట్ల రూపాయలతో సెమీకండక్టర్ మిషన్ ప్రకటించింది. 2025 ఆగస్టులో ఆంధ్రప్రదేశ్‌కు చిప్పుల ప్యాకేజింగ్ యూనిట్ ఒకటి మంజూరయింది. మళ్ళీ అదే ఉత్సాహం, అవే ఫ్లెక్సీలు.

పరిశ్రమ వస్తే సంతోషమే, కాదనేవాళ్ళెవరూ లేరు. కానీ ఈ మొత్తం చర్చలో ఎవరూ ఎత్తని విషయం ఒకటి వుంది. సిలికాన్‌తో చేసేవన్నీ ఫోన్లలో, కంప్యూటర్లలో వుండే చిప్పులే కాదు. సిలికాన్ సెన్సర్లని ఇంకో జాతి వుంది. వాటిలో అన్నిటికంటే కష్టమైనవి అణుకణాల ప్రయోగశాలల్లో వాడేవి, అంటే రేడియేషన్‌ను ఏళ్ళ తరబడి తట్టుకుని నిలబడే సెన్సర్లు. వీటిని చెయ్యటానికి వేల కోట్ల ఫ్యాక్టరీ అక్కర్లేదు. చిన్న చిన్న దేశాలు, దేశాల్లోని చిన్న చిన్న రాష్ట్రాలు ప్రభుత్వ ల్యాబుల్లో వీటిని చేసి చూపించాయి. మన రెండు రాష్ట్రాలూ ఆ దారి ఎందుకు పట్టకూడదన్నదే నా ప్రశ్న.

నేను ఫిజిసిస్టును కాను. ఎలక్ట్రానిక్స్‌లో ఎం.ఎస్. చేసి సాఫ్ట్‌వేర్‌లో పడ్డవాణ్ణి. ఇక్కడ అమెరికాలో ఓ విశ్వవిద్యాలయం ల్యాబులో సెన్సర్లను పరీక్షించే యంత్రాలకు ప్రోగ్రాములు రాయటం నా ఉద్యోగం. సూది మొనల్లాంటి ప్రోబులు సెన్సర్ మీద దిగి, వోల్టేజి పెంచుకుంటూ పోతూ ఎంత కరెంటు కారుతోందో కొలుస్తాయి. ఆ గీతలు చూసి ఇది పనికొస్తుంది, ఇది పనికిరాదు అని తేల్చటానికి మా కోడ్ సాయం చేస్తుంది. రోజూ చూసే పని కాబట్టే ఇంత ధైర్యంగా రాస్తున్నాను.

అసలు సమస్య ఏమిటి

జెనీవా దగ్గర సెర్న్‌లో 27 కిలోమీటర్ల సొరంగంలో ప్రోటాన్లు ఎదురెదురుగా గుద్దుకుంటాయి. ప్రోటాన్ల గుంపులు సెకనుకు దాదాపు 4 కోట్ల సార్లు ఎదురుపడతాయి. 2012లో హిగ్స్ కణం దొరికింది అక్కడే. గుద్దుకున్న చోటికి అతి దగ్గరగా, కొన్ని సెంటీమీటర్ల దూరంలో, సిలికాన్ సెన్సర్లు పొరలు పొరలుగా అమర్చి వుంటాయి. బయటికి చిమ్మిన కణం ఏ దారిన పోయిందో పట్టుకునేవి ఇవే. సీఎంఎస్ అనే ప్రయోగంలో మొదట పెట్టిన ట్రాకర్‌లో సిలికాన్ విస్తీర్ణం దాదాపు 200 చదరపు మీటర్లు. మన లెక్కలో చెప్పాలంటే 240 గజాల ప్లాటు.

ఇది పనిచేసే తీరు సులభమే. 300 మైక్రాన్ల మందం వున్న సిలికాన్ పలకలోంచి కణం దూసుకుపోతే దారి పొడుగునా ఇరవై వేల పైచిలుకు ఎలక్ట్రాన్లు విడివడతాయి. ఒక్కో ఎలక్ట్రాన్‌ను విడదీయటానికి సగటున 3.6 ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి చాలు. పలకకు వోల్టేజి ఇచ్చి వుంచితే ఆ ఎలక్ట్రాన్లు ఒక పక్కకు, అవి వదిలిన ఖాళీలు ఇంకో పక్కకు పరుగెత్తుతాయి. పలక మీద గీసిన సన్నని పట్టీలలో ఏ పట్టీకి సిగ్నల్ వచ్చిందో చూస్తే కణం ఎక్కడ తగిలిందో తెలిసిపోతుంది.

చిక్కు ఎక్కడంటే, మనం పట్టుకోవాలనుకున్న కణాలే సెన్సర్‌ను చంపుతాయి. క్యారమ్ బోర్డు మీద పేర్చిన కాయిన్లను స్ట్రయికర్ కొట్టినట్టు, వేగంగా వచ్చిన కణం సిలికాన్ స్ఫటికంలో ఒక పరమాణువును దాని చోటు నుంచి తన్నేస్తుంది. దెబ్బ గట్టిదయితే తన్నులు తిన్న పరమాణువే ఇంకొన్ని వందల పరమాణువులను తన్నుకుంటూ పోతుంది. ఖాళీ అయిన చోట్లు, చోటు తప్పిన పరమాణువులు స్ఫటికంలో అటూ ఇటూ తిరిగి, ఆక్సిజన్‌తోనో ఫాస్ఫరస్‌తోనో జతకట్టి శాశ్వతమైన లోపాలుగా స్థిరపడిపోతాయి.

వాటి వల్ల మూడు నష్టాలు. మొదటిది, ఏ కణమూ రాకపోయినా కరెంటు కారటం మొదలవుతుంది. కరెంటు కారితే పలక వేడెక్కుతుంది, వేడెక్కితే కరెంటు ఇంకా కారుతుంది. సుమారు ప్రతి 7 డిగ్రీలకూ ఇది రెట్టింపవుతుంది. అందుకే ఈ సెన్సర్లను సున్నాకు ఎంతో దిగువన మంచుకంటే చల్లగా వుంచుతారు. రెండవది, సిలికాన్ స్వభావమే మారిపోతుంది. ఎన్-టైప్‌గా పుట్టిన పలక దెబ్బలు తినీ తినీ పీ-టైప్‌లాగా ప్రవర్తించటం మొదలెడుతుంది, పూర్తిగా పనిచేయించటానికి ఇవ్వవలసిన వోల్టేజి పెరిగిపోతుంది. మూడవది, పరుగెత్తే ఎలక్ట్రాన్లు దారిలో లోపాలకు చిక్కుకుపోతాయి. ఇరవై వేలు బయలుదేరితే గమ్యం చేరేది అందులో కొంతే.

2030లో మొదలు కావలసిన లార్జ్ హాడ్రాన్ కొలైడర్ తర్వాతి దశలో గుంపులు ఎదురుపడిన ప్రతిసారీ 140 నుంచి 200 దాకా గుద్దుళ్ళు జరుగుతాయి. అన్నిటికంటే లోపలి పొర ఒక్కో చదరపు సెంటీమీటరుకు 1 పక్కన 16 సున్నాలు పెట్టినన్ని న్యూట్రాన్లు తగిలినంత దెబ్బ తినాలి, ఆ తర్వాత కూడా పనిచెయ్యాలి.

ఎవరు పరిష్కరించారు, ఎలా పరిష్కరించారు

మన చర్చకు పనికొచ్చే భాగం ఇదే. ఈ సమస్యను ఏ బహుళజాతి కంపెనీ పరిష్కరించలేదు. దీనికి మార్కెట్ లేదు, లాభం లేదు. 1990లలో సెర్న్ చుట్టూ చేరిన విశ్వవిద్యాలయాలు, ప్రభుత్వ ల్యాబులు కలిసి ఆర్‌డీ48 అనే బృందంగా ఏర్పడ్డాయి. సిలికాన్‌లోకి కావాలనే ఆక్సిజన్ ఎక్కిస్తే ఏమవుతుందో చూశారు. 1150 డిగ్రీల కొలిమిలో పలకలను ఒక రోజు, ఇంకా ఎక్కువసేపు వుంచితే పైపొర నుంచి ఆక్సిజన్ లోపలికి ఇంకుతుంది. అలా చేసిన పలకలు ప్రోటాన్లు, పయాన్ల దెబ్బకు బాగా తట్టుకున్నాయి. న్యూట్రాన్ల విషయంలో మాత్రం పెద్ద తేడా కనబడలేదు. సగం విజయం, సగం వైఫల్యం. రెండూ బహిరంగంగానే అచ్చువేశారు.

2002లో ఆర్‌డీ50 మొదలయింది. ఇరవై ఏళ్ళు పైగా నడిచి 2023లో ముగిసింది, 2024 నుంచి డీఆర్‌డీ3 అనే పేరుతో ఆ పని సాగుతోంది. ఈ బృందం సాధించిన వాటిలో ముఖ్యమైనవి మూడు చెబుతాను.

ఒకటి, పీ-టైప్ పలక మీద ఎన్-టైప్ పట్టీలు వెయ్యటం. దీనివల్ల సిగ్నల్ ఎలక్ట్రాన్ల నుంచి వస్తుంది, ఖాళీల నుంచి కాదు. ఎలక్ట్రాన్లు వేగంగా పరుగెత్తుతాయి కాబట్టి దారిలో తక్కువగా చిక్కుకుంటాయి. పైగా పీ-టైప్‌గా పుట్టినదానికి స్వభావం తలకిందులయ్యే బెడద వుండదు. పట్టీల మధ్య విడిగా ఇన్సులేషన్ చెయ్యవలసి రావటం ఒక్కటే అదనపు పని. కొత్త ట్రాకర్లు ఈ పద్ధతి మీదే నిలబడి వున్నాయి.

రెండు, 3డీ సెన్సర్లు. షెర్వుడ్ పార్కర్, ఆయన సహచరులు 1997లో ప్రచురించిన ఆలోచన ఇది. ఎలక్ట్రోడులను పలక పైన, కింద పరచకుండా బోర్లు వేసినట్టు పలక లోపలికి నిలువుగా దించటం. అప్పుడు కణం పలకంతా నిలువునా దాటుతుంది, సిగ్నల్ పూర్తిగా వస్తుంది. విడివడిన ఎలక్ట్రాన్లు మాత్రం పక్కనున్న స్తంభం దాకా, ఓ యాభై మైక్రాన్ల దూరం పరుగెత్తితే చాలు. 2014లో అట్లాస్ ప్రయోగం లోపలికి దించిన కొత్త పొరలో నాలుగో వంతు ఈ 3డీ సెన్సర్లే.

మూడు, వాడే పద్ధతి. దెబ్బతిన్న పలకను వెచ్చగా వదిలేస్తే కొన్నాళ్ళు కాస్త కోలుకున్నట్టు కనబడి, తర్వాత ఇంకా అధ్వాన్నమవుతుంది. అందుకని యంత్రం ఆగి వున్న నెలల్లో కూడా సెన్సర్లను చలిలోనే వుంచాలని లెక్కలు కట్టి చెప్పారు. ఒక పైసా ఖర్చు లేని జ్ఞానం ఇది. కానీ వేల కొలతలు తీస్తే గాని రాలేదు.

సెన్సర్ పక్కన వుండే చిప్పుల కథ కూడా ఇలాంటిదే. రేడియేషన్ తట్టుకునే ప్రత్యేక చిప్పులు సైన్యాలకు, ఉపగ్రహాలకు చేసేవి వున్నాయి. అవి ఖరీదు, పైగా ఎగుమతి ఆంక్షల కింద వుంటాయి. సెర్న్ వాళ్ళు బజారులో దొరికే మామూలు 0.25 మైక్రాన్ల ప్రాసెస్ తీసుకుని, ట్రాన్సిస్టర్‌ను చుట్టూ మూసిన ఉంగరంలా గీశారు. కరెంటు కారే అంచు లేకుండా పోయింది. గీసే తెలివి వుంటే ప్రత్యేక ఫ్యాక్టరీ లేకుండానే పని జరుగుతుందనటానికి ఇంతకంటే రుజువేం కావాలి?

5 లక్షల జనాభా చేసిన పని

పైన చెప్పిన 3డీ సెన్సర్లను తయారుచేసింది ఎవరో తెలుసా? ఇటలీలో ట్రెంటో అనే చోట వున్న ఎఫ్‌బీకే అనే సంస్థ, స్పెయిన్‌లో బార్సిలోనా దగ్గరున్న సీఎన్ఎం అనే ప్రభుత్వ ల్యాబు. ట్రెంటో ఒక చిన్న కొండ ప్రాంతం, స్వయం పాలన వున్న ప్రావిన్సు. మొత్తం జనాభా 5 లక్షల పైచిలుకు, మన వరంగల్లు నగరమంత కూడా లేదు. ఆపిల్ తోటలకు పేరున్న ప్రాంతం. ఆ ప్రావిన్సు ప్రభుత్వం తన డబ్బుతో పరిశోధనా సంస్థను పోషించుకుంటూ వస్తోంది. ఇవాళ ప్రపంచంలో రేడియేషన్ తట్టుకునే సెన్సర్ల గురించి మాట్లాడితే ట్రెంటో పేరు రాకుండా వుండదు.

ఇంకో ఉదాహరణ స్లొవేనియా. 20 లక్షల జనాభా దాటిన చిన్న దేశం. ల్యుబ్లియానాలో 1966 నుంచి నడుస్తున్న 250 కిలోవాట్ల చిన్న పరిశోధనా రియాక్టర్ వుంది. ప్రపంచం నలుమూలల నుంచి సెన్సర్లను పొట్లాం కట్టి అక్కడికి పంపుతారు. న్యూట్రాన్ల దెబ్బ కొట్టించి తిరిగి తెప్పించుకుంటారు. మా ల్యాబు బల్ల మీదికి వచ్చే నమూనాల్లో కూడా ఆ పొట్లాలు కనబడతాయి. ఒక పాత రియాక్టర్‌ను శ్రద్ధగా నడుపుకుంటే ఒక చిన్న దేశం ప్రపంచానికి అవసరమైనది కాగలదు.

మన దగ్గర పరిశోధనకు డబ్బు లేదంటే వీళ్ళను చూసి సిగ్గుపడాలి.

మనవాళ్ళు ఒకసారి చేశారు

భారతదేశానికి ఇది చేతకాని పని కాదు. సీఎంఎస్ ప్రయోగంలో ప్రీషవర్ అనే భాగం వుంది. దానికి కావలసిన సిలికాన్ సెన్సర్లలో కొంత వాటా మనదే. భాభా అణు పరిశోధనా కేంద్రం డిజైను చేస్తే బెంగుళూరు భారత్ ఎలక్ట్రానిక్స్ తయారుచేసింది. ఒక్కొక్కటి 63 మిల్లీమీటర్ల చదరం, 32 పట్టీలు. నాలుగు అంగుళాల పలకల మీద చేసి జెనీవాకు పంపించారు. అంతర్జాతీయ పరీక్షల్లో నెగ్గి లోపల అమర్చబడ్డాయి. 1998 పోఖ్రాన్ తర్వాత అమెరికా మన అణు సంస్థల మీద ఆంక్షలు పెట్టినా సెర్న్‌తో పని ఆగలేదు. సెర్న్ ఒడంబడికలోనే రాసి వుంది, సైనిక అవసరాలకు పనిచెయ్యం, ఫలితాలన్నీ ప్రచురిస్తాం అని.

ఇప్పుడు ఆ భాగాన్ని తీసేసి హెచ్‌జీకాల్ అనే కొత్త పరికరం పెడుతున్నారు. అందులో సిలికాన్ 600 చదరపు మీటర్లకు పైగా, అంటే 700 గజాలు దాటి. ఆ సెన్సర్లు వస్తున్నది జపాన్ కంపెనీ హమామట్సు నుంచి. మన ముంబయి టాటా సంస్థ ఆ సెన్సర్లను తెప్పించుకుని మాడ్యూళ్ళుగా బిగించే కేంద్రాలలో ఒకటి. అది కూడా నైపుణ్యం కావలసిన పనే, తక్కువ చెయ్యటం లేదు. ఢిల్లీ విశ్వవిద్యాలయం వాళ్ళు రేడియేషన్ దెబ్బను కంప్యూటర్‌లో లెక్కగట్టే నమూనాలు చేశారు, వాటిని ఆర్‌డీ50 వాళ్ళే గుర్తించారు. కానీ మొదటి తరంలో సిలికాన్ మనం చేసి పంపాం, రెండో తరంలో వేరేవాళ్ళ సిలికాన్‌ను మనం బిగిస్తున్నాం. ముందుకు పోయినట్టా, వెనక్కి వచ్చినట్టా?

దీనివల్ల ప్రపంచానికి కూడా ఇబ్బందే. అట్లాస్ పట్టీల సెన్సర్లు, సీఎంఎస్ కొత్త ట్రాకర్ బయటి పొరల సెన్సర్లు కూడా అదే జపాన్ కంపెనీవి. బాగా చేస్తారు, సందేహం లేదు. కానీ ఇంత పెద్ద ఎత్తున నమ్మకంగా చెయ్యగలిగేది దాదాపు ఒక్క కంపెనీయే అయినప్పుడు, రేపు వాళ్ళు లాభం లేదని మానేస్తే పరిస్థితి ఏమిటన్నది ఈ రంగంలో అందరినీ వేధిస్తున్న ప్రశ్న. మనలాంటి వాళ్ళకు తలుపు తెరిచి వున్నది అక్కడే.

2017 జనవరి నుంచి భారతదేశం సెర్న్‌లో అసోసియేట్ సభ్యదేశం. ఏటా చందా కడుతున్నాం. దానికి బదులుగా మన కంపెనీలు సెర్న్ టెండర్లలో పాల్గొనవచ్చు, మన పిల్లలు అక్కడ ఉద్యోగాలకు దరఖాస్తు చేసుకోవచ్చు. చందా కట్టి భోజనానికి వెళ్ళని వాళ్ళలా వుండటం మన తప్పే.

తెలుగు నేలకు ఏం సంబంధం?

ఉందండీ. విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో న్యూక్లియర్ ఫిజిక్స్‌కు పునాది వేసింది స్వామి జ్ఞానానంద. భీమవరం దగ్గర గొరగనమూడిలో పుట్టి, సన్యాసిగా హిమాలయాలకు వెళ్ళి, అక్కణ్ణించి యూరప్ వెళ్ళి ఫిజిక్స్ చదివి వచ్చిన మనిషి. హైదరాబాదులో 1967లో ఈసీఐఎల్‌ను స్థాపించి నడిపించిన ఎ.ఎస్. రావు గారిది మోగల్లు. ఇద్దరిదీ పశ్చిమ గోదావరే. ఏఎస్ రావు నగర్‌లో ఫ్లాట్ కొనుక్కున్న వాళ్ళలో ఎంతమందికి ఆ రావు గారెవరో తెలుసునో నాకు సందేహమే.

ఆ పరిసరాల్లోనే అణు పరికరాలు చేసే ఈసీఐఎల్, అణు ఇంధనం చేసే ఎన్‌ఎఫ్‌సీ, అత్యంత శుద్ధమైన పదార్థాల మీద పనిచేసే సీ-మెట్ వున్నాయి. ఒక ఆటో మాట్లాడుకుంటే పూటలో మూడింటినీ చుట్టి రావచ్చు. నగరం ఇంకో పక్కన ప్రపంచంలోని పెద్ద చిప్పు కంపెనీల డిజైన్ ఆఫీసులున్నాయి, వేల మంది మన పిల్లలు అందులో పనిచేస్తున్నారు. విశాఖ దగ్గర అచ్యుతాపురంలో భాభా కేంద్రం కొత్త ప్రాంగణం వుంది. ఇన్ని వున్నా, వీటిని కలిపే చిన్న సెన్సర్ ల్యాబు లేదు.

నేను అడుగుతున్నది నానోమీటర్ల ఫ్యాక్టరీ కాదు. ఈ సెన్సర్లలో పట్టీకీ పట్టీకీ మధ్య దూరం డెబ్బై ఎనభై మైక్రాన్లు. లిథోగ్రఫీ పాతతరం యంత్రాలతో జరిగిపోతుంది. కష్టం వేరే చోట వుంది. మామూలు చిప్పుల పలక మీద వందల చిప్పులుంటాయి, పది పాడైతే ఏరి పారేస్తారు. ఇక్కడ పలక మొత్తం కలిపి ఒకే సెన్సర్. ఎక్కడో ఒక్క చోట దుమ్ము పడినా, ఒక్క గీత పడినా అంతా చెత్తబుట్టలోకే. శుభ్రత కావాలి, ఓపిక కావాలి, పదేళ్ళు ఒకే పని మీద కూర్చునే మనుషులు కావాలి. శుద్ధమైన ఫ్లోట్ జోన్ సిలికాన్ పలకలను మొదట్లో దిగుమతే చేసుకోవాలి. ట్రెంటో వాళ్ళూ బయటనుంచి కొనుక్కునే వాళ్ళే.

వచ్చే అభ్యంతరాలు

"పిల్లలకు బడిలో టీచర్లు లేరు, నీకు సెన్సర్లు కావాలా?" అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. కానీ రాయితీల కింద కంపెనీలకు ఇచ్చే భూములు, కరెంటు, పన్నుల మినహాయింపుల ముందు ఈ ఖర్చు చాలా చిన్నది. పైగా కంపెనీకి ఇచ్చింది కంపెనీతోనే పోతుంది. విశ్వవిద్యాలయంలో పెట్టింది మనతోనే వుంటుంది. ఫ్యాబ్ సిటీ నేర్పిన పాఠం అదే కదా.

"మార్కెట్ చిన్నది కదా" అంటారు. నిజమే. మార్కెట్ పెద్దదయితే ప్రభుత్వాన్ని అడగటం దేనికి? కానీ నేర్చుకున్న చెయ్యి ఊరికే వుండదు. ఎక్స్‌రే బొమ్మలు తీసే సెన్సర్లు, క్యాన్సర్ రోగికి ఇచ్చే రేడియేషన్ మోతాదును కొలిచే డయోడ్లు, ఉపగ్రహాల్లో కణాలను లెక్కించే పరికరాలు, అన్నీ ఈ కుటుంబానివే. ఎఫ్‌బీకే, సీఎన్ఎం ఇలాంటి పనులు కూడా చేస్తూనే బతుకుతున్నాయి.

"మళ్ళీ రేడియేషనా?" అని భయపడేవాళ్ళుంటారు. తుమ్మలపల్లె, నల్లమల యురేనియం గొడవలు, కొవ్వాడ గొడవ చూసిన జనానికి ఆ భయం వుండటం సహజం. వాళ్ళను ఎగతాళి చెయ్యకూడదు. సెన్సర్ తయారుచేసే చోట రేడియోధార్మికత ఏమీ వుండదు. దెబ్బ కొట్టించేది రియాక్టర్ దగ్గర, యాక్సిలరేటర్ దగ్గర. ఆ సౌకర్యాలు ముంబయిలో, కలకత్తాలో ఇప్పటికే వున్నాయి. నిజంగా జాగ్రత్తపడవలసింది రసాయనాల గురించి. సిలికాన్ పనిలో హైడ్రోఫ్లోరిక్ యాసిడ్ వాడతారు, ఫాస్ఫీన్ లాంటి విషవాయువులు వాడతారు. పటాన్‌చెరు చెరువులకు ఏమయిందో చూసినవాళ్ళం కాబట్టి, మురుగునీటి శుద్ధి లెక్కలు మొదటిరోజు నుంచి జనం ముందు పెట్టాలని కూడా మనమే అడగాలి. అభివృద్ధి పేరు చెప్పి ఇది దాస్తే నేనే వ్యతిరేకంగా రాస్తాను.

"చేసే మనుషులేరీ?" అనేది ఆఖరి ప్రశ్న. ఇక్కడ మాకు కనబడేది చెబుతాను. 2025లో అమెరికా అధ్యక్షుడి బడ్జెట్ ప్రతిపాదన, సైన్సు పరిశోధనకు డబ్బిచ్చే ఎన్‌ఎస్‌ఎఫ్ నిధులను సగానికి పైగా కొయ్యమంది. అదే ఏడాది సెప్టెంబరులో కొత్త హెచ్1బీ దరఖాస్తుకు లక్ష డాలర్ల ఫీజు అన్నారు. కోతలు చివరికి ఎంత అమలయ్యాయన్నది అలా వుంచితే, చదువు పూర్తి చేసుకుంటున్న మన పిల్లల గుండెల్లో రాయి పడిన మాట నిజం. నాకు తెలిసిన గుంటూరు వైపు అమ్మాయి ఒకామె దెబ్బతిన్న సెన్సర్ల మీద ఐదేళ్ళు కష్టపడి పీహెచ్‌డీ చేసింది. "అన్నా, వెనక్కి వెళ్ళిపోదామనుంది, కానీ ఈ పని చెయ్యటానికి మన దగ్గర ఎక్కడ చేరాలి?" అని అడిగింది. ముంబయి, ఢిల్లీ అని చెప్పాను. "మన దగ్గర అంటే మన దగ్గర అన్నా" అంది. ఏం చెప్పను? చివరికి ఆమె ఒక బ్యాంకులో డేటా సైన్సు ఉద్యోగానికి సంతకం పెట్టింది. ఐదేళ్ళ విద్య క్రెడిట్ కార్డు లెక్కల్లో కలిసిపోయింది. మనుషులు లేకపోవటం కాదు, వాళ్ళకు కుర్చీ లేకపోవటం అసలు సమస్య.

ఏం అడగాలి

విదేశాల్లో కూర్చుని సలహాలివ్వటం తేలిక అని మనల్ని తిట్టేవాళ్ళున్నారు. అందుకని గాలి మాటలు కాకుండా రెండు ప్రభుత్వాలనూ నిర్దిష్టంగా నాలుగు అడుగుదాం.

1. ఒక్కో రాష్ట్రంలో ఒక ప్రభుత్వ విశ్వవిద్యాలయాన్ని ఎంచుకుని, కేంద్ర అణుశక్తి విభాగం, సైన్సు విభాగాల భాగస్వామ్యంతో ఆరు అంగుళాల చిన్న సిలికాన్ సెన్సర్ లైను పెట్టాలి. రెండు లైన్లకు డబ్బు చాలదంటే ఒకచోట తయారీ, ఇంకోచోట పరీక్షలు పెట్టండి. పంచుకుంటే పోయేదేమీ లేదు.

2. పదేళ్ళకు తక్కువ కాకుండా నిధులకు హామీ ఇవ్వాలి. ప్రభుత్వం మారినప్పుడల్లా బోర్డు మార్చే పథకంగా చెయ్యకూడదు. ఆర్‌డీ50 ఇరవై ఏళ్ళు నడిచింది కాబట్టే ఫలితం వచ్చింది.

3. ఖాళీగా వున్న ఫిజిక్స్, ఎలక్ట్రానిక్స్ అధ్యాపక పోస్టులను రిజర్వేషన్ నిబంధనల ప్రకారం భర్తీ చెయ్యాలి. టెక్నీషియన్ల శిక్షణకు పాలిటెక్నిక్ పిల్లలను తీసుకోవాలి. క్లీన్ రూములో పనంతా డాక్టరేట్లు చెయ్యరు. పలకను పాడుచెయ్యకుండా పట్టుకునే చెయ్యి డిగ్రీతో రాదు, అలవాటుతో వస్తుంది.

4. చేసిన పని, చెడిన పలకల లెక్కతో సహా, బయటపెట్టాలి. వీలయితే తెలుగులో కూడా రాయాలి.

మన వంతు కూడా వుంది. సెన్సర్లు, డిటెక్టర్లు, చిప్పు డిజైను రంగాల్లో పనిచేస్తున్న తెలుగువాళ్ళు యూరప్‌లో, అమెరికాలో, జపాన్‌లో ఎక్కడెక్కడ వున్నారో జాబితా తయారుచేద్దాం. ఏడాదికి రెండు వారాలు సెలవు పెట్టి వెళ్ళి పాఠం చెప్పగలిగేవాళ్ళు ఎందరో తేలుద్దాం. పరీక్షల సాఫ్ట్‌వేర్ వరకు నేను రాసిపెడతాను, ఇది ఊరికే అంటున్న మాట కాదు. ఆ తర్వాత ఈ నాలుగు అంశాలతో ఒక పేజీ వినతిపత్రం రాసి, రెండు రాష్ట్రాల ఐటీ మంత్రులకు, ఉన్నత విద్యామండళ్ళకు, ప్రతిపక్షాలకు కూడా ఇద్దాం. నాయకులు ఈ దేశాలు తిరగటానికి వచ్చినప్పుడు శాలువాలు కప్పి ఫోటోలు దిగుతాం కదా. ఈసారి శాలువాతో పాటు ఈ కాగితం కూడా చేతిలో పెట్టి, జవాబు ఎప్పుడిస్తారో తేదీ అడుగుదాం.